నడిచిన జలపాతం

పిల్లలూ, మీ భూగోళ పటాల పుస్తకంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల పుట తీయండి. ఉత్తరాన కెనడా సరిహద్దుకు చేరువలో పుట్టి, దేశాన్ని నిలువునా చీల్చుకుంటూ పోయి, దక్షిణాన మెక్సికో సింధుశాఖలో కలిసే నీలపు గీత ఒకటి కనిపిస్తుంది. అదే మిసిసిపి నది. దాని పొడుగు సుమారు 2,340 మైళ్ళు. మన గోదావరికి రెండున్నర రెట్లన్నమాట. ఇంత పొడుగు నదిలోనూ చెప్పుకోదగిన జలపాతం ఒకే ఒక్కటి. అది ఎగువన, మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరం నడిబొడ్డున ఉన్నది. దాని పేరు సెయింట్ ఆంథొనీ జలపాతం.

ఎత్తు చెబితే మీరు పెదవి విరుస్తారు. నిండా 50 అడుగులు లేదు. నాగార్జునసాగరం దగ్గిర ఉన్న మన ఎత్తిపోతల 70 అడుగులు గదా! కాని ఈ పొట్టి జలపాతం ఒక మహానగరాన్ని పుట్టించింది. 50 యేళ్ళపాటు ప్రపంచంలో మరే ఊరూ ఆడించనంత గోధుమపిండి ఈ ఊళ్ళో తయారయింది. ఒకసారి మటుకు ఈ జలపాతానికి చావు తప్పి కన్ను లొట్టపోయింది. ఆ కథ చెప్పే ముందు మరొక వింత చెప్పాలి. ఈ జలపాతం పుట్టినచోట లేదు. అది నది వెంబడి ఎగువకు 8 మైళ్ళు నడిచి వచ్చింది!

జలపాతం నడవడమేమిటని అడుగుతారు. దీన్ని మీరు ఇంటి దగ్గిరే చూడవచ్చు. ఒక పళ్ళెంలో తడి ఇసుకను గట్టిగా అదిమి దిబ్బలాగా చేయండి. దాని మీద పగిలిన రాతిపలక ముక్కలు పక్కపక్కన పరచండి. ఇప్పుడు చెంబుతో నీళ్ళు తీసుకుని, పలక ముక్కల మీదుగా పారి అంచున కిందికి పడేటట్టు పోయండి. నీళ్ళు పలకను ఏమీ చేయలేవు. కాని కింద పడిన నీళ్ళు ఎగిరి వెనక్కు కొట్టి, పలక అడుగున ఉన్న ఇసుకను తినేస్తాయి. కాసేపటికి చివరి ముక్కకు ఆధారం పోయి పుటుక్కున కిందపడుతుంది. నీళ్ళు పడేచోటు ఒక ముక్క వెనక్కు జరిగింది. ఇంకా పోయండి, మరొక ముక్క పడుతుంది. నేను బడిలో ఈ పాఠం ఎప్పుడు చెప్పినా పళ్ళెమూ చెంబూ తెప్పించేవాణ్ణి. ఒక్క చెంబెడు నీళ్ళతో అయ్యే పనికి పది వాక్యాలు ఎందుకు?

మినియాపొలిస్ దగ్గిర నది కింద ఉన్నది సరిగ్గా ఈ ఏర్పాటే. పైన గట్టి సున్నపురాతి పొర. దాని కింద మెత్తని తెల్లని ఇసుకరాయి. ఆ ఇసుకరాయి ఎంత మెత్తన అంటే, గోటితో గీకితే రాలుతుంది. నీరు పడి కింది ఇసుకరాయిని తొలిచేస్తుంది. పైనున్న సున్నపురాయి చూరులాగా కొంతకాలం వేలాడి, చివరకు విరిగి పడుతుంది. జలపాతం ఒక అడుగు వెనక్కు వేస్తుంది.

ఈ నడక ఎక్కడ మొదలయిందో కూడా శాస్త్రజ్ఞులు చెప్పగలరు. మంచుయుగం ముగిసే రోజుల్లో, ఉత్తర అమెరికాను కప్పిన మంచుగడ్డలు కరిగి, సముద్రమంత సరస్సు ఒకటి ఏర్పడింది. దానికి తరువాతివారు అగాసి సరస్సు అని పేరు పెట్టారు. అది పొర్లి ఒక మహానది పారింది. ఇప్పటి సెయింట్ పాల్ నగరం ఉన్నచోట ఆ నది పెద్ద జలపాతమై దూకింది. ఆ జలపాతం వెనక్కు నడిచి నడిచి, మిసిసిపి వచ్చి కలిసేచోటు దాకా వచ్చేసరికి రెండుగా చీలింది. మిసిసిపిలోకి తిరిగిన శాఖే మన సెయింట్ ఆంథొనీ. ఇది జరిగి సుమారు 10,000 సంవత్సరాలయింది.

దారిలో ఒక తమాషా జరిగింది. మినెహాహా అనే వాగు ఒకటి మిసిసిపిలో కలుస్తుంది. జలపాతం ఆ వాగు మొగ దాటి ఎగువకు పోయేసరికి, నది మట్టం కిందికి దిగిపోయి, వాగు గాలిలో వేలాడినట్టయింది. అందుచేత ఆ వాగు కూడా దూకక తప్పలేదు. అదే మినెహాహా జలపాతం. అంటే తల్లి జలపాతం వెళుతూ వెళుతూ దారిలో ఒక బిడ్డను వదిలి వెళ్ళిందన్నమాట! ఆ బిడ్డ కూడా తన వాగులో తాను ఎగువకు నడుస్తూనే ఉన్నది.

8 మైళ్ళంటే 42,240 అడుగులు. దాన్ని 10,000 సంవత్సరాలతో భాగించండి. ఏడాదికి నాలుగు అడుగుల చిల్లర వస్తుంది. ఇదే లెక్కను తలకిందులు చేసిన శాస్త్రజ్ఞుడు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు న్యూటన్ హొరేస్ వించెల్. 1680లోనూ, 1766లోనూ ఈ జలపాతాన్ని చూసిన యాత్రికులు రాసిన వర్ణనలు తీసి, అప్పుడు జలపాతం ఎక్కడ ఉన్నదో, తన కాలానికి ఎక్కడికి వచ్చిందో పోల్చాడు. ఆ వేగాన్ని బట్టి, మంచు కరిగిపోయి సుమారు 8,000 సంవత్సరాలయిందని 19వ శతాబ్దంలోనే లెక్క కట్టాడు. రాళ్ళ వయస్సు కొలిచే నేటి పద్ధతులేవీ లేని రోజుల్లో ఒక జలపాతాన్నే గడియారంగా వాడుకున్నాడు. నేటి లెక్కకు అది మరీ దూరం కాదు.

ఇక మనుషుల సంగతి. ఈ తీరం డకోటా జాతివారిది. వారు జలపాతాన్ని ఓవామ్నియోమ్ని అని పిలిచేవారు. అంటే సుడిగుండం. జలపాతానికి దిగువన ఒక చిన్న రాతి దీవి ఉండేది. అది వారికి పవిత్ర స్థలం. డకోటా స్త్రీలు కాన్పుకు అక్కడికి వచ్చేవారని చెబుతారు. 1680లో లూయీ హెనెపిన్ అనే క్రైస్తవ సన్యాసి డకోటావారి చేత చిక్కి, వారి వెంట తిరుగుతూ ఈ జలపాతాన్ని చూశాడు. తాను కొలిచే ఆంథొనీ మునీశ్వరుడి పేరు దానికి పెట్టాడు. పటాల్లోకి ఆ పేరే ఎక్కింది. 1837లోనూ 1851లోనూ జరిగిన ఒప్పందాలతో రెండు తీరాల భూమీ డకోటావారి చేయి జారిపోయింది. 1862లో యుద్ధం జరిగింది. మరుసటి యేడు చట్టం చేసి వారిని రాష్ట్రం నుంచే వెళ్ళగొట్టారు. అయినా నగరం పేరులో వారి మాట మిగిలే ఉన్నది: డకోటా భాషలో మ్ని అంటే నీరు, గ్రీకు భాషలో పొలిస్ అంటే పట్టణం. మినియాపొలిస్ అంటే నీటి పట్టణం.

కొత్తగా వచ్చినవారు జలపాతాన్ని చూసి మొక్కలేదు, లెక్క కట్టారు. ఎత్తు నుంచి పడే నీటికి బలం ఉంటుంది. ఆ బలానికి కూలి ఇవ్వక్కరలేదు, తిండి పెట్టక్కరలేదు. ఎగువన నదికి అడ్డంగా కట్ట కట్టి, నీటిని కాలువలోకి మళ్ళించి, మిల్లు పక్కన ఉన్న నిలువు గోతిలో పడేటట్టు చేస్తారు. గోతి అడుగున ఉన్న చక్రం గిర్రున తిరుగుతుంది. పని అయిపోయిన నీరు సొరంగం గుండా జలపాతం దిగువకు పోతుంది. మొదట కర్రకోత మిల్లులు వచ్చాయి. ఉత్తరాది అడవుల్లో నరికిన దేవదారు దుంగలు వేలకు వేలు నదిలో కొట్టుకువచ్చి ఇక్కడ పలకలయ్యేవి. తరువాత పిండిమిల్లులు వచ్చాయి.

కాని ఇన్ని మిల్లులు చేరేసరికి జలపాతం నడక పరుగయింది. కట్టలు నీటినంతా ఒకటి రెండు చోట్ల పడేటట్టు చేశాయి. పెద్ద పెద్ద దుంగలు వచ్చి రాతి అంచుకు ఢీకొనేవి. ఇంతలో ఇంజనీర్లు ఒక భయంకరమైన సంగతి కనిపెట్టారు. సున్నపురాతి పొర ఎగువకు పోయేకొద్దీ పలుచబడి, జలపాతానికి సుమారు 1,000 అడుగుల దూరంలో అంతమైపోతుంది! పలక ముక్కలన్నీ అయిపోయాక మీ పళ్ళెంలో ఏమవుతుంది? ఇసుక దిబ్బ ఏటవాలుగా జారి, నీళ్ళు చప్పగా పారిపోతాయి. అలాగే జలపాతం పోయి, వట్టి ఏటవాలు మిగులుతుంది. చక్రాలు ఆగుతాయి. ఊరు ఆగుతుంది.

సరిగ్గా ఈ సమయంలో విలియం ఈస్ట్‌మన్ అనే ఆయనా, ఆయన భాగస్వాములూ ఒక ఆలోచన చేశారు. వారికి జలపాతానికి ఎగువన ఉన్న నికొలెట్ దీవిలో భూమి ఉన్నది. అక్కడ మిల్లులు పెట్టాలంటే వాడిన నీరు కిందికి పోయే దారి కావాలి. అందుకని జలపాతం దిగువ నుంచి, నది అడుగున ఉన్న ఇసుకరాతిలో, ఆరడుగుల సొరంగం తవ్వించడం మొదలుపెట్టారు. రాయి మెత్తనిది గనక పని చకచకా సాగింది. సుమారు 2,000 అడుగులు తవ్వారు. పైన నది పారుతున్నది. నదికీ సొరంగానికీ మధ్య ఉన్నది పలుచని సున్నపురాతి కప్పు, కాస్త ఇసుకరాయీ మాత్రమే.

1869 అక్టోబరు 5న నది ఆ కప్పును పగలగొట్టుకుని సొరంగంలోకి దూకింది. నీరు వెంటనే సొరంగాన్ని తినడం మొదలుపెట్టింది. ఆరడుగుల దారి చూస్తూ ఉండగానే గుహ అయింది. నది మీద పెద్ద సుడి లేచింది. జలపాతం తన మెట్టు మీద నుంచి దూకడం మానేసి, తన కాళ్ళ కింద నుంచి పారిపోవాలని చూస్తున్నదన్నమాట. వార్త ఊళ్ళో పొక్కింది. జనం చేతి పనులు వదిలేసి పరుగెత్తుకు వచ్చారు. బండరాళ్ళూ, దుంగలూ, మట్టీ, చేతికి అందినవన్నీ ఆ సుడిలో పడేశారు. సుడి అన్నిటినీ మింగేసింది. అప్పుడు దుంగలతో పెద్ద తెప్పలు కట్టి, వాటి మీద రాళ్ళూ మట్టీ ఎత్తి, గండి మీద ముంచారు. అమ్మయ్య అనుకునేంతలో మరొకచోట గండి పడింది.

చివరకు నీటికి అడ్డుకట్టలు వేసి ప్రమాదాన్ని అప్పటికి ఆపారు. కాని ఒకచోట పూడిస్తే మరొకచోట తొలుచుకుపోతూ, కొన్ని సంవత్సరాలు ఊరివారికి కంటి మీద కునుకు లేదు. మిల్లుల వారిలో ఎవరి కాలువ వారిది, ఎవరి చక్రం వారిది. అందరి చక్రాలనూ తిప్పుతున్న ఆ రాతి కప్పు మటుకు ఎవరిదీ కాదు. అందుకే దాన్ని గురించి ముందుగా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు అందరూ చందాలు వేసుకున్నారు. ప్రభుత్వాన్ని సాయం అడిగారు. సైన్యానికి చెందిన ఇంజనీర్లు వచ్చి 1876 నాటికి ఒక అద్భుతమైన పని చేశారు. సున్నపురాతి పొర కింద, నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, సుమారు 1,850 అడుగుల పొడుగున, 40 అడుగుల లోతున, కాంక్రీటు గోడ కట్టారు. నీరు మళ్ళీ రాతి కింద దారి చేసుకోకుండా అది అడ్డం. తరువాత 1880 ప్రాంతంలో జలపాతం మీద బలమైన కొయ్య జారుడుబల్ల అమర్చారు. నీరు రాతి అంచు నుంచి దూకకుండా దాని మీదుగా జారిపోయేది. 10,000 సంవత్సరాలు నడిచిన జలపాతం అక్కడితో నిలిచిపోయింది.

జలపాతం నిలిచింది గనక మిల్లులు పెరిగాయి. ఇక్కడ ఒక చిక్కు ఉండేది. ఆ రాష్ట్రంలో చలి విపరీతం గనక గోధుమ వసంతంలో చల్లుతారు. ఆ గింజ పొట్టు పెళుసు. రాళ్ళ మధ్య పడితే తుక్కు తుక్కయి పిండిలో కలిసిపోయి, పిండి నల్లబడేది. అసలు బలమంతా ఉన్న రవ్వ ఆ పొట్టుతో కలిసిపోయేది. 1870 ప్రాంతంలో రవ్వను శుద్ధి చేసే యంత్రం అక్కడికి వచ్చింది. అది చేసే పని మీకు తెలియనిదేమీ కాదు. మీ అమ్మమ్మ చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజ మిగులుతుంది చూడండి, అదే! జల్లెడ కదులుతూ ఉంటే కింద నుంచి గాలి ఊది పొట్టును ఎగరగొడుతుంది. శుభ్రమైన రవ్వను మళ్ళీ విసిరితే తెల్లని పిండి వచ్చింది. ఎవరూ అడగని గోధుమకు గిరాకీ పెరిగింది. రైతులు కొత్త నేలలు దున్నారు. వారిని వెతుక్కుంటూ రైళ్ళు పోయాయి.

అయితే గాలిలో ఎగిరే పిండిలో ప్రమాదం దాగి ఉన్నది. పిండి ముద్దను నిప్పులో వేస్తే మాడుతుంది, అంతే. కాని దుమ్ములాగా గాలిలో తేలే పిండిలో ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ తగిలితే అన్నీ ఒకేసారి అంటుకుంటాయి. (ఈ ప్రయోగం మటుకు ఇంట్లో చేయబోకండి!) 1878 మే 2 సాయంత్రం, నదీతీరాన అన్నిటికన్నా పెద్దదైన వాష్‌బర్న్ ఏ మిల్లు ఒక్కసారిగా పేలిపోయింది. లోపల పనిచేస్తున్న 14 మందీ మరణించారు. పక్క మిల్లుల్లో మరి నలుగురు పోయారు. పిండి పేలుతుందంటే మొదట చాలామంది నమ్మలేదు. విశ్వవిద్యాలయపు ఆచార్యులు ఇద్దరు పరీక్షలు చేసి చూపించారు. ఆ తరువాత దుమ్మును లాగివేసే యంత్రాలు పెట్టారు. రాళ్ళకు బదులు ఉక్కు రోలర్లు వచ్చాయి. 1880 నాటికి మిల్లు మళ్ళీ లేచింది. ఆ మిల్లు పూర్తిగా ఆడే రోజుల్లో ఒక్క రోజు పిండితో 1 కోటి 20 లక్షల రొట్టెలు చేయవచ్చునని చెబుతారు.

1880 నుంచి 1930 దాకా గోధుమపిండిలో మినియాపొలిస్‌దే ప్రపంచంలో మొదటి స్థానం. తరువాత ఆ స్థానం తూర్పున ఉన్న బఫలో నగరానికి పోయింది. రైలు కిరాయిలు మారాయి. పెద్ద సరస్సుల మీదుగా ఓడల్లో గోధుమ చౌకగా బఫలో చేరేది. ఇంకొక కారణాన్ని ఈ జలపాతమే తెచ్చుకున్నది. 1882లో ఇక్కడ నీటితో విద్యుచ్ఛక్తి తీసి దీపాలు వెలిగించారు. ఆ దేశంలో నీటి విద్యుత్కేంద్రాలలో ఇది మొదటివాటిలో ఒకటి. చక్రం బలాన్ని తీగెమీద పంపడం చేతనయ్యాక మిల్లు నది పక్కనే ఉండవలసిన అవసరం ఏమిటి? ఎక్కడ గోధుమ చౌకో అక్కడ పెట్టుకోవచ్చు. పిండిమిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఉత్తరాది దేవదారు అడవులు అంతకుముందే తరిగిపోవడంతో కర్రకోత మిల్లులకూ పని లేకపోయింది. వాష్‌బర్న్ ఏ మిల్లు 1965లో ఆగిపోయింది. 1991లో అగ్నికి ఆహుతి అయింది. మిగిలిన మొండిగోడల మధ్యనే 2003లో ఒక ప్రదర్శనశాల తెరిచారు.

మా అమ్మాయి ఆ దేశంలో ఉండడం వల్ల, ఒక వేసవిలో నాకూ ఈ జలపాతం చూసే అవకాశం కలిగింది. 1883లో రైళ్ళ కోసం కట్టిన రాతి కమానుల వంతెన ఒకటి జలపాతానికి కొంచెం దిగువన ఉన్నది. దాని మీద ఇప్పుడు రైళ్ళు లేవు. పాదచారులూ, సైకిళ్ళూ తిరుగుతున్నాయి. నేను అక్కడ నిలబడి చూస్తే కనిపించినది రాతి కొండ కాదు. కొయ్య జారుడుబల్ల స్థానంలో 1950 తరువాత కాంక్రీటుది కట్టారు. దాని మీదుగా నది వెడల్పాటి తెల్లని దుప్పటిలాగా జారుతున్నది. పక్కన మన గోదావరి కాలువల మీద ఉన్నటువంటి లాకు ఒకటి ఉన్నది. పడవలు 49 అడుగులు ఎక్కడానికీ దిగడానికీ దాన్ని 1963లో తెరిచారు. అది కట్టే రోజుల్లోనే డకోటావారి పవిత్ర దీవిలో మిగిలిన ముక్కనూ తొలగించారు. అంతకుముందే దాని రాయిని చాలామటుకు ఇళ్ళు కట్టడానికి తవ్వుకుపోయారు.

ఆ లాకు కూడా 2015లో మూతపడింది. దానికి కారణం చేపలు! మన చెరువుల్లో పెంచే సిల్వర్ కార్ప్ వంటి ఆసియా చేపలు కొన్ని అమెరికాలో చెరువుల నుంచి తప్పించుకుని మిసిసిపిలో పడ్డాయి. అవి అక్కడి చేపల తిండి లాక్కుంటూ ఎగువకు ఎక్కుతున్నాయి. జలపాతం ఎక్కడం వాటి వల్ల కాదు. లాకు తెరిస్తే పడవతో పాటు అవీ ఎక్కుతాయి. అందుచేత తలుపు మూసేశారు. జలపాతం పిండి విసరడం మానినా ఈనాడు ఎగువ నదికి కోటగోడలాగా కాపలా కాస్తున్నది. ఇప్పుడు డకోటావారే నడిపే సంస్థ ఒకటి లాకు పక్కన ఉన్న తీరాన్ని మళ్ళీ చెట్లతో నీటితో బాగుచేసే పనికి పూనుకున్నది. ఆ సంస్థ పేరులో ఓవామ్నియోమ్ని అనే పాత పేరు ఉన్నది.

వంతెన మీద చాలామంది ఫొటోలు తీసుకుంటున్నారు. వారిలో ఎవరికీ ఆ కాంక్రీటు గోడ కనిపించదు. అది నది అడుగున చీకట్లో ఉన్నది. దానికి 150 యేళ్ళు నిండుతున్నాయి. జలపాతమూ, దాని పైనున్న నీటి మట్టమూ నేటికీ ఆ గోడను నమ్ముకునే ఉన్నాయి.

మీరు ఎత్తిపోతలకో, మరొక జలపాతానికో వెళ్ళినప్పుడు, కట్టిన కమ్మీల వెనక నుంచే నీళ్ళను చూసినంతసేపు రాయిని కూడా చూడండి. పైన ఏ రాయి ఉన్నది, కింద ఏ రాయి ఉన్నది, అంచున విరిగిపడిన బండలు ఏమైనా కనిపిస్తున్నాయా, గమనించండి. ఇంటికి వచ్చి ఒక కాగితం మీద బొమ్మ గీసి, తారీకు వేసి దాచుకోండి. హెనెపిన్ రాసిన వర్ణన సుమారు 200 యేళ్ళ తరువాత వించెల్‌కు పనికి వచ్చింది. మీ బొమ్మ ఎవరికి పనికి వస్తుందో!